మంచునేలలో బోరు బిట్టు

నేను ఒక బోరు బిట్టును, రాడ్డు కొసన ఉండి నేలను తొలిచే ఇనుప మొనను. అనంతపురం జిల్లాలో ఎనిమిదేళ్లు బండలు పిండిచేశాను. నీళ్లు పడితే గంగమ్మ దయ అన్నారు, పడకపోతే బిట్టు మొద్దుబారింది అన్నారు. మనుషుల తీర్పులు అలాగే ఉంటాయి.

రిగ్గు నడిపే ఓబులేసుతో పాటు నన్ను లడఖ్ కొండల్లోకి పిలిపించింది వకుళమ్మ. నేల కింద మంచు ఎక్కడెక్కడ దాగుందో పటం గీయడం ఆవిడ పని. అక్కడి ఊరిపెద్ద రిగ్జిన్ బడి కోసం ఒక చదును ఎంచి, పునాది రాళ్లు కూడా పేర్పించాడు. కింద మంచుంటే, బడిలో పొయ్యి వేడికి అది కరిగి గోడలు పిల్లల మీద కూలతాయి. ఉందో లేదో నేను చెప్పాలి.

"ఏమొచ్చినా మిషను ఆపొద్దు ఓబులేసూ," అని చెప్పి వకుళమ్మ కొలతలకు పక్కకు వెళ్లింది.

మూడు మీటర్లు దిగేసరికి పైకి తెల్లటి తడిపొడి చిమ్మింది. తడి కనబడితే మిషను ఆపి, రాడ్డుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టడం ఓబులేసుకు వాళ్ల నాయన నేర్పిన పద్ధతి. కాయను ఊరినుంచే సంచిలో మోసుకొచ్చాడు. ఆపాడు.

నా రాపిడికి కరిగిన నీళ్లు, నేను ఆగగానే నా చుట్టూ గడ్డకట్టాయి. పక్కకు తిరగబోతే తిరగలేను, ఊగబోతే ఊగలేను.

వకుళమ్మ పరుగున వచ్చింది. "ఆపొద్దంటిని కదప్పా!"

"గంగమ్మ కనపడినాక కాయ కొట్టకుండా ఎట్లమ్మా?"

"ఈడ గంగమ్మ నిద్రపోతా ఉంది. నువ్వు పోయి ఆమె కౌగిట్లో బిట్టును పెట్టినావు!"

మధ్యాహ్నం దాకా గుంజారు. రిగ్గు ముందు చక్రాలు లేచాయిగాని నేను లేవలేదు.

"వేడినీళ్లు పోస్తే వచ్చేస్తాదమ్మా," అన్నాడు ఓబులేసు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వకుళమ్మ నీళ్లు కాచమనకుండా రిగ్జిన్ వైపు తిరిగి హిందీలో అంది: "చూశారుగా, ఇంత మిషనుకే లొంగని పట్టు. కాసిన్ని వేడినీళ్లకు వదిలేస్తుందంటున్నాడు. మరి పొయ్యి వెలిగే బడికి?"

రిగ్జిన్ తన పునాది రాళ్ల వంక చూశాడు. "ఈ చదును కోసం రెండేళ్లు తిరిగాను," అన్నాడు. తర్వాత, రాళ్లను అక్కడికి మార్చమని ఎదుటి రాతిగుట్ట వైపు చెయ్యి చూపాడు.

మంచును కరిగించొద్దని వకుళమ్మ అనడంతో, ఓబులేసు నన్ను లోపలే వదిలి రాడ్డు విప్పుకుంటూ గుంతలోకి వంగాడు. "నా వల్లనే చిక్కినావు తల్లీ, తప్పయిపాయ."

బడి ఇక్కడే కట్టుంటే, ఏదో ఒక చలికాలం ఆ పొయ్యి వేడికి నేను వదులయ్యేదాన్ని. పైన ఒక్కో రాయీ లేస్తోంది. మోసేవాళ్లు పాట కూడా అందుకున్నారు.