సెక్రటరీ గారింటి పాలపిట్టలు

లలితకుమారి తెనాలి నుంచి వచ్చిన సైన్సు టీచరు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగేళ్లు అద్దెకుండి, ఎనభై అయిదులో మన్సూరాబాద్‌లో కొత్తగా వెలిసిన కాలనీలో ఇల్లు కట్టుకుంది. ఇంటి ఎదురుగా తల విరిగిన తాటిమోడు. దాని తొర్రలోకి పాలపిట్టల జంట వచ్చిపోతుంటే రోజూ కాఫీ తాగుతూ చూసేది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం లచ్చయ్య గొడ్డలితో వచ్చాడు. అక్కడి తాటిచెట్లకు ముప్పై ఏళ్లు కల్లు గీసినవాడు.

“రోడ్డుకు అడ్డమున్నదని సెక్రటరీ సారు కొట్టమన్నడు, టీచరమ్మా.”

“లోపల పిల్లలుంటే? ఒక్కసారి ఎక్కి చూడు లచ్చయ్యా.”

అతను మోకు వేసి ఎక్కాడు. దిగి, గొడ్డలి గోడకు ఆనించాడు. “నాలుగు గుడ్లున్నయ్. నాతోని గాదు.”

కాలనీ సెక్రటరీ విశ్వేశ్వరరావు మండిపడ్డాడు. “వానలొస్తే స్కూటర్లు బురదలో దిగబడతాయండీ! పిట్టల కోసం రోడ్డు ఆపమంటారా?”

“ఆపొద్దండీ. అటు చివర నుంచి మొదలుపెట్టించండి. ఇక్కడికొచ్చేసరికి పిల్లలు ఎగిరిపోతాయి.”

ఆడవాళ్లంతా ఆమె పక్కన చేరేసరికి ఆయన సరే అనక తప్పలేదు.

జూన్‌లో పిల్లలు ఎగిరాయి. మోడు కొట్టాక లచ్చయ్య తొర్ర ఉన్న ముక్కను రంపంతో కోసి, పైన రేకు కొట్టి, పార్కు స్థలంలోని తాటిచెట్టుకు కట్టాడు. తీరా మరుసటి వేసవికి గోరింకలు అందులో దూరాయి. పాలపిట్టలు కరెంటు తీగ మీద కూర్చుని అరుస్తుంటే లలితకుమారి ప్రాణం ఉసూరుమంది.

లచ్చయ్య నవ్వాడు. “గోరింకలకు గూడ ఇల్లు గావాలె గదమ్మా. ఇంకొన్ని కడదాం.”

కాలనీ ఇళ్లకు తలుపులు చేస్తున్న వడ్రంగి భిక్షపతి మిగిలిన చెక్కలతో ఆరు పెట్టెలు చేశాడు. ఎవరింటి దగ్గర చెట్టుంటే వాళ్లు అడిగి కట్టించుకున్నారు. పాలపిట్టలు అన్నిటి చుట్టూ తిరిగి, చివరికి విశ్వేశ్వరరావు డాబా పక్క చెట్టుకున్న పెట్టెలో కాపురం పెట్టాయి.

నెల తిరక్కుండానే ఆయన మనవడి బారసాల వచ్చింది. మైకువాళ్లు ఆ చెట్టుకే నిచ్చెన వేయబోయారు. సెక్రటరీ గారు కండువా జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

“ఆ చెట్టుకు కాదయ్యా! పైన బాలింత ఉంది!”

పందిట్లో ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. లోపలున్న కోడలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మైకు లేకుండానే బారసాల జరిగింది. లచ్చయ్య చెట్టెక్కి చూసి, పైనుంచే మూడు వేళ్లు చూపించాడు. విశ్వేశ్వరరావు పళ్లెం అందుకుని, అందరికీ రెండోసారి లడ్డూలు పంచాడు.