పెంకులమ్మ ఆపించిన పని

ఆమె ఉద్యోగమే చూడటం. యంత్రం తవ్వుతుంటే పక్కన నిలబడి, కళ్ళలో వత్తులు వేసుకుని చూడటం. రోడ్డు వేసినా, వంతెన కట్టినా, మురుగు పైపు పరిచినా, ప్రభుత్వం తలపెట్టిన ఏ తవ్వకంలోనైనా పాతకాలపు జాడ బయటపడితే చెయ్యెత్తి పని ఆపించాలి. అది నిజంగా పాతదో కాదో తేల్చాలి. కొలిచి, బొమ్మ గీసి, దాన్నేం చేయాలో రాసివ్వాలి. నియామక పత్రంలో ‘పురావస్తు పర్యవేక్షకురాలు’ అని ఉంది. అంత పొడుగు పేరు నోరు తిరగక కూలీలు ‘పెంకులమ్మ’ అని పిలుచుకున్నారు. కుండపెంకు కనిపిస్తే చాలు, వంగి తీసి, తడిగుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసుకోవడం ఆమెకు అలవాటు మరి. మొదట్లో ఆ పేరుకు కాస్త చిన్నబుచ్చుకుంది. పోనుపోను అదే ముద్దుపేరైపోయింది.

ఆరేళ్ళలో ఆమె పని ఆపించింది నాలుగంటే నాలుగుసార్లు. అందులో ఒకసారి బయటపడింది మెడలో గంటతో సహా పాతిపెట్టిన ఎవరిదో పెంపుడు కుక్క. ఆ సంగతి ఇంజనీరు ఇప్పటికీ మరిచిపోలేదు.

“ఏం మేడం, ఇవాళ కుక్కలేమీ లేవు కదా?” అని పొద్దున్నే పలకరించేవాడు. వెటకారమే గానీ అందులో విషం లేదు. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ జేబులో కడుపుమంట మాత్రలు, చేతిలో గడువుల పట్టిక.

ఈసారి పని బడి వెనక వీధిలో. వీధి పొడవునా కొత్త మురుగు పైపు వేసి, పైన రోడ్డు పోయాలి. బడికి సెలవులు. వచ్చే వారం తెరుస్తారు, ఆ వెనకే వానలు. యంత్రం నడిపేది సూదన్న. ఆ ఇనుప తొట్టితో సూదిలోకి దారం కూడా ఎక్కిస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆ మంగళవారం కందకం భుజాల లోతుకు వచ్చిందో లేదో, సూదన్న ఎవరూ చెప్పకుండానే యంత్రం ఆపేశాడు.

“అమ్మా, ఒకసారి రండి. రాయి చప్పుడు కాదిది. బోలుగా ఉంది.”

ఆమె నిచ్చెన మీదుగా దిగింది. తొట్టి పళ్ళు తగిలిన చోట మట్టిగొట్టం ఒకటి నిలువునా పగిలి ఉంది. మూర పొడవు, ఎర్రగా కాలిన మట్టి. దాని మూతిలో ఇంకో గొట్టం. ఆ వెనక మరొకటి. కింద ఇటుకల పరుపు, అతుకుల దగ్గర సున్నం. లోపల సగం దాకా ఒండ్రు, దాని మీద సన్నగా తడి. ఆమె చెయ్యెత్తింది.

ఇంజనీరు వచ్చి గట్టు మీద నుంచి తొంగిచూశాడు.

“ఏదో పాత మురుగు లైను మేడం. మా తాతల నాటిదై ఉంటుంది. కొట్టేసి ముందుకు పోదాం.”

“మీ తాతగారి దగ్గర ఆగకండి సార్. ఇంకో ఇరవై తరాలు వెనక్కి వెళ్ళండి,” అంటూ ఆమె అరచేతిలోని పెంకులు చూపించింది. “ఇటుకల కింద ఇవే, గొట్టాల మీద కప్పిన మట్టిలోనూ ఇవే. ఈ నల్లటి మెరుపు, ఈ అంచు వంపు ఆరేడు వందల ఏళ్ళ నాటివి.”

ఇంజనీరు మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. “ఎన్నాళ్ళు కావాలి?”

“రూలు ప్రకారం మూడు రోజులు.”

“వానలొస్తే నా పుట్టి మునుగుతుంది. సరే, ఒక్క మాట చెప్పండి. ఇది పనిచేస్తున్న లైనా, చచ్చిపోయిన లైనా? చచ్చిందైతే కొలతలు రాసుకుని తీసేయనివ్వండి. నా పైపు పోవాల్సింది సరిగ్గా దాని మీదుగానే.”

ఆమె సాయంత్రం దాకా తాపీ, కుంచె పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని పదకొండు గొట్టాలు బయటపెట్టింది. ప్రతిదాన్నీ కొలిచింది, ఫోటో తీసింది. పైపై తడి చూసి నీళ్ళు నడుస్తున్నాయని రాసిచ్చే ధైర్యం మాత్రం రాలేదు.

ఇంట్లో భర్తకు ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ. బస్సు డిపోలో టైమ్ కీపరతను. అందుకని రాత్రి భోజనానికి ఆమె, మామగారు ఇద్దరే. ఆయన నీటి సరఫరా శాఖలో ముప్ఫై అయిదేళ్ళు పైపు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కోడలంటే ప్రేమే. ఆమె పనంటేనే లెక్క లేదు. పెళ్ళైన కొత్తలో పక్కింటాయనతో, “బాగా చదువుకున్న పిల్లండీ, రాళ్ళేరుకునే ఉద్యోగం ఇచ్చారు పాపం,” అంటుంటే ఆమె గోడ ఇవతల నుంచి వింది. ఆ తర్వాత ఆయనా ఎప్పుడూ అడగలేదు, ఆమే ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పూట ఆమె ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్లో ఫోటోలు జరుపుతోంది. నీళ్ళ చెంబు అందుకోబోతూ మామగారు తెర వంక చూసి ఆగిపోయారు.

“ఏదీ, ఇలా తిప్పు. ఎవడో గట్టి పనిమంతుడు వేసిన లైనమ్మా ఇది!”

“మీకెలా తెలిసింది మావయ్యా?”

“మూతులు చూడు. ప్రతి గొట్టానికీ ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం. సన్న మూతిని అవతలి గొట్టం వెడల్పు మూతిలో దూర్చాడు. నీళ్ళు ఎటు పోతాయో అటే సన్న మూతి ఉండాలి. తిరగేసి పెడితే ప్రతి అతుకూ కారి చస్తుంది. మాలో ఎంతమంది తిరగేసి పెట్టి తిట్లు తిన్నారో! వీడు ఒక్కటి కూడా తిరగెయ్యలేదు.”

ఆమె పుస్తకం తెరిచి చూసుకుంది. మూతుల కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. నీళ్ళు ఎటు నుంచి ఎటు అన్న ముక్క మాత్రం లేదు. సన్న మూతులన్నీ వీధికి దిగువనున్న కాలవ వైపు తిరిగి ఉన్నాయి. అంటే బడి పైనున్న గుట్ట వాలు నుంచి నీళ్ళు దించుకురావడానికి వేసిన లైనన్నమాట.

“ఇంకా పారుతోందంటారా?”

“ఫోటోలో ఏం తెలుస్తుంది? చెవితో వినాలి,” అని ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, బీరువా వెనక చెయ్యి పెట్టి మనిషెత్తు ఇనుప కడ్డీ ఒకటి లాగారు. దాని పై కొసకు చిన్న చెక్క గిన్నె. కడ్డీ కొన పైపు మీద ఆనించి, గిన్నెకు చెవి పెడితే లోపల నీరు కదిలే చప్పుడు వినిపిస్తుందట. “భూమిలో లీకులన్నీ దీంతోనే పట్టేవాణ్ణి. పొద్దున్న నేనూ వస్తా.”

పొద్దున్న వెళ్ళేసరికి కందకంలో చీలమండ లోతు నీళ్ళు. చుక్క వాన లేదు. మీ లైనే కారుతోందంటూ ఇంజనీరు కుళాయి లైను వాళ్ళ మీద విరుచుకుపడుతున్నాడు. వాళ్ళు వీధి వాల్వు కట్టేశారు. అరగంట గడిచినా నీళ్ళు ఊరడం ఆగలేదు.

మామగారు పెద్ద సైజు హెల్మెట్టు పెట్టుకుని నిచ్చెన దిగుతుంటే ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. డెబ్భై ఒకటి ఆయనకు. ఆయన మాత్రం ఈమె వంక చూడనైనా చూడలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పగలని గొట్టం మీద కడ్డీ ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

“యంత్రం ఆపండయ్యా! ఆపితే కదా వినపడేది.”

“ఆపే ఉంది పెద్దాయనా,” అన్నాడు సూదన్న.

“మరి గుర్రుమంటోందేమిటి?” అని ఆయన కళ్ళు తెరిచారు. “అయితే అది గొట్టంలోదే. నడుస్తోందమ్మాయ్! సన్నగా నడుస్తోంది గానీ చక్కగా నడుస్తోంది.”

ఇంజనీరు నీళ్ళు నమిలాడు. “పెద్దాయన చెవిని కాదనడం కాదు మేడం. చెవితో విన్నామని పైవాళ్ళకు ఎలా రాయను?”

“కంటికి కనపడితే రాస్తారా?” అంది ఆమె.

వీధి మొదట్లో కొట్టు నుంచి బట్టలకు పెట్టే నీలిమందు రెండు సీసాలు తెప్పించింది. సూదన్నను కాలవ గట్టుకు పంపింది. మూడు వందల మీటర్ల దూరం. పగులుకు కాలవ వైపునున్న గొట్టంలో నీలం మొత్తం ఒంపింది. అందరూ కూర్చున్నారు. పది నిమిషాలు, ఇరవై. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. ముప్ఫై. మామగారు ఎవరో ఇచ్చిన టీ తాగుతూ, “మీకున్న తొందర దానికి లేదండీ, ఇన్ని వందల ఏళ్ళు ఆగింది,” అన్నారు. నలభయ్యో నిమిషంలో ఆమె ఫోను మోగింది.

“అమ్మా, వచ్చేసిందమ్మా!” సూదన్న గొంతు అక్కడున్న అందరికీ వినపడింది. “గట్టు రాళ్ళ సందులోంచి నీలం! పాలసముద్రం కాదమ్మా, నీలాల సముద్రం!”

కూలీలు ఈలలు వేశారు. ఆమెకు నవ్వూ ఆగలేదు, కళ్ళనీళ్ళూ ఆగలేదు. బురద చేత్తోనే తుడుచుకుంది. ఆరేళ్ళుగా ఆమె చూసినవన్నీ ఆగిపోయిన వస్తువులు. పనిలో ఉన్నదాన్ని చూడటం ఇదే మొదలు.

ఇంజనీరు లేచి బడి వెనక గోడ దాకా నడిచాడు. గోడ అడుగున చెయ్యి పెట్టి చూశాడు. పగులుకు ఎగువన నేల అప్పటికే చెమ్మగిల్లింది. తిరిగొచ్చి బోర్లించిన తట్ట మీద కూలబడ్డాడు.

“దీన్ని పగలగొట్టి కాంక్రీటు పోసుంటే మొదటి వానకే గుట్ట నీరంతా తరగతి గదుల కిందికి వచ్చేది,” అన్నాడు. “పదిహేనేళ్ళుగా లైన్లు వేస్తున్నాను మేడం. ఒక్కదానికైనా ఇన్ని వందల ఏళ్ళు నడుస్తుందని పూచీ ఇవ్వగలనా అంటే ఇవ్వలేను. నా పైపు రెండు మీటర్లు అవతలికి జరుపుతాను. ఈ మధ్యాహ్నమే కొత్త గీతలు గీసి పంపుతా.”

“పైవాళ్ళు ఒప్పుకుంటారా?”

“ఒక చిన్న నోటు రాసి, నీలం నీళ్ళ ఫోటో జత చెయ్యండి. మిగతా పోట్లాట నాకొదిలెయ్యండి.”

సాయంత్రానికి అనుమతి వచ్చింది. ఇక పగిలిన గొట్టం సంగతి. అక్కడ మామాకోడళ్ళకు పేచీ వచ్చింది. ప్లాస్టిక్ పైపు ముక్క పెడితే వందేళ్ళు ఢోకా ఉండదని ఆయన. మట్టి లైనులో మట్టిగొట్టమే ఉండాలని ఆమె. గట్టు మీద వాదన చూసి కూలీలు ముక్కున వేలేసుకున్నారు. చివరికి ఆమె తెలిసిన కుమ్మరికి కొలతలు ఫోన్లో పంపింది. అతను మొక్కల తొట్లు ఆవంలో పెట్టి కాల్చబోతున్నాడు. అందులోనే ఇదీ పెట్టి, శుక్రవారం పొద్దున్న వెచ్చవెచ్చగా తెచ్చిచ్చాడు. ఇంకెప్పుడో తవ్వేవాళ్ళు పాతదనుకుని మోసపోకుండా, దాని మీద ఈ ఏటి అంకె వేయించింది ఆమె. అతకడం మాత్రం మామగారి చేతి మీదుగానే జరిగింది. సున్నం కలిపి, అతుకు చుట్టూ వేలితో మెత్తి, “సన్న మూతి కాలవ వైపు,” అని పైకే చెప్పుకుంటూ పెట్టారు. నీళ్ళు వదిలాక గంటసేపు పక్కనే కూర్చున్నారు. చుక్క కారలేదు.

తర్వాత ఇసుక పరిచారు, ఆ పైన మట్టి. సూదన్న తొట్టితో చీర కుచ్చిళ్ళు సర్దినట్టు నేల సర్దాడు. సోమవారానికి పిల్లలు ఆ పక్కగా బడికి వచ్చారు. కింద ఏముందో వాళ్ళకేం తెలుసు? తెలియకపోయినా ఫరవాలేదనిపించింది ఆమెకు. నీళ్ళ పని నీళ్ళు చేసుకుంటున్నాయి.

అంతకు ముందు రోజు, ఆదివారం, పూర్తి రిపోర్టు రాసి మామగారికి చదివి వినిపించింది. సహకరించినవారి జాబితా దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకున్నారు.

“‘నీటి సరఫరా శాఖ విశ్రాంత ఫిట్టరు’. విశ్రాంత ఏమిటమ్మా? నిన్నగాక మొన్న గోతిలో దిగిందెవరు?”

“మరి ఏమని రాయమంటారు?”

“ఫిట్టరు అని రాయి. చాలు.”

ఆమె ‘విశ్రాంత’ అన్న మాట కొట్టేసింది. ఆయన కాగితం ఇంకా వదల్లేదు. పదకొండు గొట్టాల బొమ్మ మీద వేలు జరుపుకుంటూ వెళ్ళి, “ఈ ఏడో దాని అతుకు కొంచెం వంకరగా ఉంది చూశావా? ఆ రోజు వాడికి మనసు బాగోలేదేమో,” అన్నారు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ కలిసి మొదటి గొట్టం నుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టారు.