వాడకముందు

నాలుగు దేశాలకు వెళ్లే సరుకు అది, జుట్టు రింగులు పోగొట్టి తిన్నగా చేసే జెల్. ఒక్కో చోట ఒక్కో భాష కాబట్టి డబ్బా మీద రెండు బొమ్మలు ఉండాలన్నారు కొనేవాళ్లు: వాడకముందు ఒకటి, వాడిన తరువాత ఒకటి.

ప్యాకింగ్ పని చూసే ఆయనకు రెండోది తేలిగ్గానే దొరికింది. మొదటిదానితోనే చిక్కు వచ్చింది. స్టూడియోకు వచ్చిన అమ్మాయిలందరి జుట్టూ ఇస్త్రీ చేసినట్టు ఉంది. చేత్తో చెదరగొట్టినా దొంగ చిందరవందర అని తెలిసిపోతోంది. చివరికి తన ఫోన్లోంచి డిజైనర్‌కు ఒక ఫొటో పంపాడు. డాబా మీద తల ఆరబెట్టుకుంటున్న భార్య, వెనకనుంచి. గాలికి రింగులన్నీ లేచి ఉన్నాయి. ముచ్చటపడి తీసుకున్న ఫొటోనే. ముఖం కనపడదు, సరుకు ఇక్కడ అమ్మరు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

ఎండ వెలుగులో రంగు చూసుకుందామని ఆదివారం నమూనా డబ్బా, సీసా ఇంటికి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. అక్కను చూడటానికి వచ్చిన మరదలు డబ్బాను అటూ ఇటూ తిప్పింది.

"అక్కా, ఇలా రా. నీ జుట్టు డబ్బా ఎక్కింది."

"పోవే. ఎప్పుడూ నా జుట్టు మీదే పడతావు."

"కాదంటే బావనడుగు. ఏం బావా, ఇంకెవరి తలా దొరకలేదా?"

"ఎవరో మోడల్ అమ్మాయి," అన్నాడాయన.

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. పొద్దున దేవుడి ముందు కూర్చుని నిజం పలికించమని వేడుకున్న నోరే అది.

భార్య డబ్బా అందుకుని చూసింది. "ఆ అమ్మాయి మన డాబా మీదెందుకు నిలబడిందండీ? తీగ మీద ఉన్నది నా నీలం దుప్పటే."

మరదలు నవ్వబోయి ఆగిపోయింది.

"ముఖం కనపడదు కదా అని..."

"సరే. ఈ రాత నాకు రాదు. ఇది ముందుదా, తరువాతదా?"

"ముందుది."

ఆమె డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున భార్య అద్దం ముందు నిలబడి ఉంది. సీసా సగమైంది. జుట్టులో ఒక్క రింగు కూడా లేదు.

"నిజం చెప్పండి. నేనిలా ఉంటే బాగుండునని ఎప్పుడైనా అనుకున్నారా?"

"లేదు," అన్నాడు. నిన్న అబద్ధమాడిన నోటికి ఇవాళ్టి నిజం అతకలేదు.

పనికి వెళ్లే దారిపొడుగునా అదే ఆలోచన. ఒక్కో తలను ఒక్కో తీరున చేసినవాడు పైన ఉన్నాడు. అందులో ఏది ముందు, ఏది తరువాత అని తేల్చడానికి తనెవరు?

యజమాని గదిలో డిజైనర్ కూడా ఉన్నాడు. ఆయన లోపలికి వెళ్తూనే, "సర్, మొదటి బొమ్మ మార్చాలి," అన్నాడు.

"కొనేవాళ్లకు తెగ నచ్చింది అదే కదయ్యా. ఎందుకూ?"

"అది నా భార్య ఫొటో. అడక్కుండా ఇచ్చాను."

డిజైనర్ గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగాడు. యజమాని కళ్లజోడు తీశాడు.

"ఇప్పుడు మారిస్తే ఈ విడత సరుకు ఓడకు అందదు. తెలుసా?"

"తెలుసు సర్."

"ఆవిణ్ణి అడిగి ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కాదు," అని యజమాని బొమ్మ తీసేయమన్నాడు. ఆయన తల ఎత్తకుండానే బయటికి వచ్చాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య స్నానాలగదిలో బకెట్ మీదికి వంగి ఉంది.

"ఏమండీ, ఇది వదలడం లేదు. కాస్త నీళ్లు పోయండి."

ఆయన మగ్గు అందుకున్నాడు. "బొమ్మ తీయించేశాను."

"ఊఁ."

ఎన్ని నీళ్లు పోసినా జుట్టు చాపలా తిన్నగానే వేలాడుతోంది.

"ఎన్నిసార్లు కడిగితే పోతుందో డబ్బా మీద రాయలేదా?"

"కడిగినా చెక్కుచెదరదని రాశాం."

"ఎవరు రాశారు?"

"నేనే."

ఆమె తల ఇంకాస్త వంచింది. ఆయన మగ్గు మళ్లీ ముంచాడు.