రాజరత్నం పులుసు

"పులుపు ఎక్కువైంది," అన్నాడు రాజరత్నం. అంటూనే ఇంకో చేపముక్క వెయ్యమని కంచం ముందుకి తోశాడు.

సలోమి వడ్డించింది. ఆ కొర్రమీనుల్ని ఆమె పొద్దున్నే బూడిద పూసి, దొడ్లో బండకేసి తోమింది. పొలుసు రేగి మోచేతుల దాకా అంటుకుంది. వేలు తెగింది. ఆ సంగతి కంచాల ముందు కూర్చున్న ఎవరికీ అక్కర్లేదు. మామగారు ఎలీయాజరు ముద్ద మింగి, "రంగం పిల్లకి వంటెలా వస్తుందిరా? అక్కడ అన్నీ డబ్బాల్లో కొనుక్కు తింటారంట కదా," అన్నాడు. ఆయనకి రంగూన్ అంటే రంగమే. పెదపాడు చుట్టుపక్కల ఓడెక్కని వాళ్ళందరికీ అంతే.

రాజరత్నం నవ్వాడు.

పులుపు నిజంగానే ఎక్కువైంది. ఆ మాటకి సలోమికి బాధ లేదు. ఆమెని కోసింది ఆ నవ్వు.

రంగూన్ బియ్యం మిల్లులకి పోయే తెలుగువాళ్ళు మొదట ఒంటరిగానే పోతారు. బారకాసులో గదికి పదిమంది. వంతులేసుకుని వండుకుంటారు. తన వంతు నాడు అన్నం మాడ్చినవాణ్ణి మిగతావాళ్ళు బతకనివ్వరు. రాజరత్నం అలా ఏళ్ళ తరబడి వండి, బారకాసు మొత్తానికి మంచి చెయ్యి అనిపించుకున్నాక పెళ్ళి చేసుకున్నాడు. సలోమి ఏలూరు మిషను బోర్డింగులో పెరిగిన పిల్ల. ఆమెకి బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చు, లెక్కలు చెప్పడం వచ్చు, కీర్తనలు వచ్చు. రంగూన్‌లో మొదటి రోజు ఆమె వండిన అన్నం చూసి అతను నవ్వలేదు. గిన్నె తీసుకుని, "నువ్వు అటు కూర్చో సలోమీ," అన్నాడు. అంతే. ఆ తరవాత దాని గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. అతనికి మిల్లు ఇంజను దగ్గర రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి వండేవాడు, కూతురు రూతుకి జడ వేసేవాడు, చంటివాడికి తినిపించి పడుకునేవాడు. ఆమె తెలుగు బడిలో చిన్నపిల్లల తరగతికి పోయేది. ఆదివారం అతను చేపల పులుసు పెడితే మిల్లువాళ్ళ ఇళ్ళ వరస, ఆ లైనంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. పక్కింటి బర్మా ఆవిడ మా ఖిన్ అయితే పొయ్యి పక్కనే కూర్చునేది. మూత తీసి వాసన చూసి, "సలోమీ, కాస్త చింతపండు పిసికి ఇవ్వు," అని అతను పిలిచేవాడు.

కాకినాడ రేవులో దిగిన దగ్గర్నుంచి అతను ఆమెని పేరు పెట్టి పిలవలేదు. ఏమే అంటాడు. ఇదిగో అంటాడు. తండ్రి ఎదురుగా ఉంటే అదీ అనడు, దగ్గుతాడు.

వాళ్ళు చూసి పోదామని వచ్చారు. ఉండిపోవడమా, తిరిగి పోవడమా అన్నది ఇంకా తేలలేదు. తెల్లవాళ్ళు బర్మాని ఇండియా నుంచి విడదీసి వేరే దేశం చేశారు. ఆ మరుసటేడు వానాకాలంలో రంగూన్‌లో గొడవలు జరిగాయి. సలోమి పిల్లలతో మా ఖిన్ మగ్గం గదిలో దాక్కుంది. బయట కేకలు తగ్గాక కూడా చంటివాడి నోటి మీంచి చెయ్యి తియ్యలేకపోయింది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లుకి ఇంజను డ్రైవరు కావాలి. మామగారు మాట్లాడి పెట్టారు. సోమవారానికి జవాబు చెప్పాలి. ఆయన ఏర్పాటు ఇదీ: కొడుకు గూడెంలో ఉంటాడు, శనివారం రైల్లో ఏలూరు వచ్చి, అక్కణ్ణుంచి ఇంటికి వస్తాడు. కోడలు పిల్లలతో ఇక్కడే ఉంటుంది. "మీ అత్త నడుం వంగిపోయింది. వంట మనిషి కావాలిగా ఇంట్లో," అన్నాడాయన. వంట మనిషి అన్న మాట ఆయనకి తప్పుగా తోచలేదు.

కోడలికి రంగం రుచి తగిలింది, ఇక్కడ ఉండదు అని పేటలో అందరూ అనుకున్నారు. ఆమెని అడిగిన వాళ్ళు లేరు. అడిగితే చెప్పేది. ఆమె తండ్రి కొల్లేటి లంకలో బడిపంతులు. ఆమె గౌను వేసుకునే వయసులోనే తాటిదోనె మీద నిలబడి గెడ వేసింది. రంగూన్‌లో, ఆ పెద్ద ఏటి పక్కన ఉండి కూడా, నిద్రలో ఆమె ముక్కుకి తగిలేది కొల్లేటి బురద వాసనే. తల్లీ తండ్రీ పోయారు. నీళ్ళు ఉన్నాయి. చలికాలం గూడకొంగలు ఆ నీళ్ళ మీదికి దిగుతుంటే చూసి, రూతు గట్టు మీద పరుగెత్తింది. తిరిగి రావాలని ఆమెకి రాజరత్నం కన్నా ఎక్కువే ఉంది. వచ్చి ఏలూరులో దిగిన రోజే ఆమె తన పాత బడికి వెళ్ళింది. పెద్ద పంతులమ్మ ప్రభావతి గారు, చిన్న తరగతికి మనిషి కావాలి, వెనకాల గది ఖాళీగా ఉంది, వస్తావా అన్నారు. సలోమి ఆ సంగతి సంతోషంగా మొగుడికి చెప్పింది.

"ఇంజను డ్రైవరు పెళ్ళాం ఇక్కడ బడికి పోతే నాన్న నలుగురిలో తలెత్తుకోలేడు," అన్నాడు.

"అక్కడ పోలేదాండి?"

"అక్కడ వేరు."

అక్కడ వేరు. ఈ మాట అతను వచ్చినప్పట్నుంచీ అంటున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందించమన్నప్పుడూ, తిన్న కంచం తియ్యకుండా లేచిపోయినప్పుడూ, చంటివాడు తడిపితే ఇదిగో అని ఆమె వైపు చాపినప్పుడూ. సలోమి ప్రతిసారీ ఊరుకుంది. కొత్తగా వచ్చాడు, తల్లిదండ్రుల ముందు మొహమాటం, పోతుందిలే అనుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అహరోను అయ్యగారూ, సంఘ పెద్ద సీమోనూ భోజనానికి వచ్చారు. కొత్త ఉద్యోగం కోసం ప్రార్థన చేసి, తిని వెళతారు. సలోమి మళ్ళీ పులుసే పెట్టింది. మామగారు అదే చెయ్యమన్నారు.

"చేపల పులుసేనా అమ్మా?" అన్నారు అయ్యగారు ఆశగా.

"తినకండి అయ్యగారండీ!" అంది రూతు. "అది అమ్మ చేసింది. మా నాన్న చేసినప్పుడు తినండి."

సీమోను పెద్దగా నవ్వాడు. "మీ నాన్న చేస్తాడేంటే?"

"రోజూ మా నాన్నే చేస్తాడు. అమ్మ బడికెళ్తుంది కదా. నాకు జడ కూడా నాన్నే వేస్తాడు. ఇక్కడికొచ్చాకే మానేశాడు."

"ఓరి నీ! డ్రైవరనుకున్నాం కదరా, వంటోడివా? గూడెం మిల్లోళ్ళకి చెప్పనా, రెండు పనులకీ కలిపి జీతం ఇమ్మని?" అన్నాడు సీమోను రాజరత్నంతో.

ఎలీయాజరు నవ్వలేదు. "ఏరా. నిజమేనా?"

గరిటె పట్టుకుని సలోమి తలుపు పక్కన నిలబడింది. ఒక్క మాట చాలు. అవును నాన్నా అంటే చాలు. సీమోను ఇంకో హాస్యం ఆడేవాడు. అందరూ తినేవారు. సాయంత్రానికి మర్చిపోయేవారు. ఆమె అతని మొహం వైపే చూసింది.

"పిల్ల మాటలండి. ఎప్పుడో దానికి ఒంట్లో బాగోకపోతే గంజి కాచి ఉంటాను," అన్నాడు రాజరత్నం.

"కాదు నాన్నా, రోజూ..."

"అబద్ధాలెక్కడ నేర్చావే?" అని కసిరాడు రాజరత్నం.

అయ్యగారు మంచివారు. వచ్చిన చిక్కంతా అదే. ఆయన మెత్తగా, "చిన్నప్పుడే దిద్దుకోవాలి. రా తల్లీ. మోకరించు. నేను చెప్పినట్టు చెప్పు. ప్రభువా, నేను అబద్ధమాడాను," అన్నారు.

రూతు మోకరించింది. తండ్రి వైపు చూసింది. అతను అన్నం కలుపుతున్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నాడు. పిల్ల తల్లి వైపు తిరిగింది. తనకి గుర్తున్నది నిజమా కాదా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

"ప్రభువా, నేను..."

సలోమి గరిటె కింద పెట్టి, మగవాళ్ళు తింటున్న గదిలోకి వచ్చింది.

"రూతూ, లే."

"పిల్ల మంచికేనమ్మా..."

"అది అబద్ధం ఆడలేదు అయ్యగారండి. ఆయన రోజూ వండుతారు. ఇన్నేళ్ళూ ఆయన వండింది తినే మేం బతికాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సిగ్గుపడాల్సింది ఇప్పుడు జరిగింది."

సీమోను ఒక్కడే తింటూ ఉన్నాడు. ఆకలి మీద ఉన్నాడు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక, అత్తగారు దానమ్మ దొడ్లో గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా మాట్లాడింది. "చిన్నప్పుడు నాకు జబ్బు చేస్తే వాడే వండేవాడమ్మా. మీ మావగారు ఒకనాడు చూశారు. ఆడదానివంట్రా అని అట్లకాడ కాల్చి వాత పెట్టారు. పిక్క మీద మచ్చ ఉంటుంది, చూశావా?"

సలోమి చూసింది. ఇంజను ఆవిరి తగిలిందని చెప్పాడు.

ఆమెకి జాలి వేసింది. పొయ్యి ముందు కూర్చున్న కుర్రవాడు కళ్ళకి కట్టాడు. ఆ కుర్రవాడి కోసం ఆమె ఏడవగలదు. కానీ ఆ కుర్రవాడు పెద్దవాడై, తనకి వాత పెట్టినవాడి పక్కనే కూర్చుని, తన కూతుర్ని మోకాళ్ళ మీద నిలబడనిచ్చాడు. నొప్పి ఏమిటో తెలిసి కూడా నిలబడనిచ్చాడు. తెలియనివాడైతే క్షమించేది.

పొద్దు వాలే వేళ ఇద్దరూ కాలవ గట్టు మీదికి వెళ్ళారు.

"నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు.

"పిల్ల మోకాళ్ళకి చెక్కుకుపోయిందండి. మట్టి నేల."

అతను వెనక్కి తిరిగి, గట్టు మీద ఎవరూ లేరని చూసుకున్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఒక పని చేద్దాం. గూడెంలో గది తీసుకుందాం. నాన్నని నేను ఒప్పిస్తాను. తలుపేసుకుని నేనే వండుతాను, నీకెందుకు? ఊరి నుంచి ఎవరన్నా వస్తే మాత్రం గరిటె నీ చేతికిస్తాను. సరేనా?" అన్నాడు. పెద్ద వరం ఇచ్చినట్టు చూశాడు.

"రూతుకి ఏం చెబుదాం?"

"చిన్నపిల్ల. మర్చిపోతుంది."

మర్చిపోదు. తలుపు లోపల ఒకటి, తలుపు బయట ఒకటి అని నేర్చుకుంటుంది. చంటివాడు కూడా నేర్చుకుంటాడు. వాడు మగపిల్లవాడు, తొందరగా నేర్చుకుంటాడు.

"వచ్చే ఆదివారం అయ్యగార్ని, సీమోను గార్ని మళ్ళీ పిలవండి," అంది సలోమి. "మీరే వండి వడ్డించండి. అబద్ధం ఆడింది నేనమ్మా అని వాళ్ళ ముందే పిల్లకి చెప్పండి. ఆ తరవాత గూడెమైనా సరే, ఈ ఇల్లైనా సరే, మీరు ఎక్కడుందామంటే అక్కడుంటాను."

అతను వంగి గట్టు మీది గడ్డిపరక పీకి నీళ్ళలోకి విసిరాడు.

"నాన్న బతికుండగా నా వల్ల కాదు," అన్నాడు. "పోనీ, రంగూనే వెళ్ళిపోదాం. అక్కడ మనం బానే ఉన్నాంగా."

ఆ మాటకి ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె సంతోషించలేదు. ఇతను మనిషిలా ఉండాలంటే తండ్రికీ తనకీ మధ్య ఒక సముద్రం ఉండాలి. ఆ సముద్రాన్ని దాటి ఆమె కూడా పోవాలి. పోయి మళ్ళీ గొడవలొస్తే మగ్గం కింద నక్కాలి. ఈ నీళ్ళు, ఈ పిట్టలు, తండ్రి పాఠం చెప్పిన లంక, అన్నీ వదులుకోవాలి. దేనికి? ఒక మగవాడు అన్నం వండటం ఇంకో మగవాడికి తెలియకుండా ఉండటానికి.

"ఇంటికి పదండి. పిల్లలు ఎదురుచూస్తారు," అంది. ఇంకేం అనలేదు. ఒప్పుకుందనుకున్నాడు.

సోమవారం పొద్దున్న ఎలీయాజరు మంచం మీద కూర్చుని కోడల్ని పిలిపించాడు. రాజరత్నం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"నీకిక్కడ గిట్టలేదంటగా? మళ్ళీ రంగం పోదామని వాడి ప్రాణం తీస్తున్నావంటగా? వాడు చెప్పాడు. వాడేం చేస్తాడు, కట్టుకున్నాక. మిల్లోళ్ళకి నా మొహం ఎలా చూపించమంటావు?"

సలోమి మొగుడి వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. నిన్న తన తప్పు కూతురి మీద పెట్టాడు, ఇవాళ భార్య మీద పెట్టాడు. ఆమెకి కోపం రాలేదు. మనసు తేలికపడింది. పొద్దున్నే తను చేసిన పని గురించి ఇంక ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు.

"నేనెక్కడికీ పోవడం లేదు మావయ్యగారండి. ఏలూరు బడికి వస్తున్నానని ప్రభావతి గారికి పొద్దున్నే కబురు పంపాను. గది ఇస్తారు. పిల్లలు నా దగ్గర ఉంటారు. అత్తయ్యగారు ఎప్పుడొచ్చినా వాళ్ళని చూసుకోవచ్చు."

"ఏలూరా?" ఎలీయాజరు కొడుకు వైపు తిరిగాడు. వెనకాల దానమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని, వాడి చొక్కా తొడగడం మొదలుపెట్టింది.

"మరి వీడి సంగతేంటి? మొగుణ్ణి వదిలేసి పోతావా?"

సలోమి రూతు చెయ్యి పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"నేను నా దేశం వచ్చేశానండి. ఆయన ఎప్పుడొస్తారో ఆయన్నే అడగండి."