విశాఖ కబురు

దయావతి తన ఇంట్లో దిగిన మొదటి వారమంతా నూకరత్నానికి కంటినిండా నిద్ర లేదు. పదిహేడేళ్ల పిల్ల, అదీ పరాయివాళ్ల పిల్ల, సముద్రం దాటి వచ్చింది. ఇక్కడి నీళ్లు పడతాయో లేదో. దోమ కుట్టి చలిజ్వరం పట్టుకుంటే ఏం చెయ్యాలో. ఆ పిల్ల నిద్రలో దగ్గినా చాలు, నూకరత్నం లేచి కూర్చునేది.

అది 1971 నవంబరు. విశాఖపట్నంలో ఒక చర్చివాళ్లు ఎనిమిదిమంది పిల్లల్ని కాలేజీకి సెలవు పెట్టించి పోర్ట్ బ్లెయిర్ పంపారు. అక్కడి బతు బస్తీలో కొండవాలు మీది ఇళ్లకు రాతి మెట్లు వెయ్యాలి, పక్కన మురుగుకాలువ తవ్వాలి. కింద కుళాయి నుంచి బిందెలు మోసుకుంటూ ఆ బురదదారిలో ఆడవాళ్లు జారిపడని వానాకాలం లేదు. పిల్లలు మూడు వారాలు పనిచేసి, క్రిస్మసుకి ముందే ఇళ్లకు వెళ్లిపోవాలి. అంతదాకా తెలుగు కుటుంబాల్లో తలా ఒక ఇంట్లో ఉండాలి.

క్రైస్తవుల ఇళ్లన్నీ నిండిపోయాక, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన జీవరాజు మాస్టారు ఒక పిల్లకు చోటు వెతుక్కుంటూ నూకరత్నం గుమ్మంలోకి వచ్చాడు. మాస్టారంటే ఇంకా ముప్పై కూడా నిండనివాడు.

“మేము మీ మతంవోళ్లం కాదు బాబూ, పరవాలేదా?” అంది నూకరత్నం.

“అన్నం పెట్టి, అమ్మలా చూసుకుంటే చాలమ్మా” అన్నాడతను.

చోటుకేం కొదవలేదు. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయి, ఊళ్లోనే మిన్నీ బేలో కాపురముంటున్నారు. ఇంట్లో ఉన్నది తనూ, హాడోలో హార్బరు లాంచీ మీద ఖలాసీగా పనిచేసే మొగుడు గోవిందూ, అత్త అప్పలకొండమ్మా. సరేనంది.

రెండో వారానికి దయావతి ఆ ఇంటి పిల్లయిపోయింది. నూకరత్నాన్ని పిన్నీ అనీ, ముసలమ్మను బామ్మా అనీ పిలిచేది. అన్నానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే నూకరత్నం గరిటె పట్టుకుని అలాగే నిలబడేది, చప్పుడు చెయ్యకుండా. పగలంతా ఆ పిల్ల తట్టలో రాళ్లు మోసేది. మోస్తూ పాడేది. ఆ గొంతు కొండ కింద నుంచి పైకి వస్తూ ఉంటే, నూకరత్నం బియ్యం ఏరుతూ ఎక్కడిదాకా వచ్చిందో చెవితోనే చూసుకునేది.

డిసెంబరు మొదట్లో యుద్ధం వచ్చిపడింది.

బస్తీలో ఎవరూ యుద్ధం అనలేదు, లడాయి అన్నారు. ప్రయాణికుల ఓడలు ఆగిపోయాయి. చీకటి పడితే దీపం బయటికి కనబడకూడదన్నారు. నూకరత్నం కిటికీకి గోనెసంచి కట్టింది. కబురొస్తే గోవిందు రెండు చొక్కాలు సంచిలో పడేసుకుని హాడో వెళ్లాడు. “రేపో ఎల్లుండో వచ్చేస్తాన్లే, ఫికర్ చెయ్యకు” అన్నాడు. ఎల్లుండి దాటిపోయినా రాలేదు. ఏ లాంచీ మీద, ఎటు పంపారో చెప్పేవాడు లేడు.

“బాబాయి ఇంకా రాలేదేంటి పిన్నీ?” అని దయావతి అడిగితే, “డూటీ ఎక్కువుందంటమ్మా” అంది. డ్యూటీ అన్న మాట ఎవరూ చెప్పింది కాదు. ఆమె కల్పించుకున్నదే.

ఆ మర్నాడు పొద్దున కుళాయి దగ్గర పొరుగింటి గవరమ్మ ఆమె చెవిలో చెప్పింది. గవరమ్మ మొగుడిది హార్బరు గోదాముల్లో పని.

“ఇశాపట్నం మీద బాంబులు పడ్డాయంట దీదీ. ఆర్బరంతా కాలిపోనాదంట. జనం కొండల మీదకి పారిపోతన్నారంట.”

“ఎవరు సెప్పేరు?”

“అందరూ అంటన్నారు. మీ ఇంట్లో ఆ పిల్లది ఆ ఊరేగా? పాపం.”

బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా నూకరత్నం చూసుకోలేదు. దయావతి తండ్రికి ఉద్యోగం ఆ హార్బరు ఆఫీసులోనే. ఆ పిల్ల రోజూ చెప్పే కబుర్లన్నీ ఆయనవే.

ఇంటికి వచ్చేసరికి దయావతి పనికి వెళ్లిపోయింది. అరుగు మీద ట్రాన్సిస్టరు ఉంది. రోజూ రాత్రి ఆ పిల్ల దానికి చెవి ఆనించి తెలుగు వార్తల కోసం వెతుక్కుంటుంది. నూకరత్నం చుట్టూ ఒకసారి చూసి, దాని వెనక మూత తీసి, సెల్సు బయటికి లాగి, కందిపప్పు డబ్బాలో అడుగున కుక్కింది.

తర్వాత జీవరాజును పక్కకు పిలిచింది. అతనికి అప్పటికే తెలుసు. మొహం పాలిపోయి ఉంది.

“నిజమో కాదో తెలిసేదాకా పిల్లలకి చెప్పొద్దమ్మా. ఒక్కడు ఏడిస్తే ఎనిమిదిమందీ ఏడుస్తారు. నేను ఎవర్నని ఓదార్చను? మా అమ్మా అక్కడే ఉంది” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతనూ కుర్రాడిలాగే కనిపించాడు ఆమెకు.

ఆ రాత్రి దయావతి ట్రాన్సిస్టరు మీట తిప్పి, తట్టి, మళ్లీ తిప్పింది.

“సెల్సు అయిపోనాయమ్మా. బజార్లో ఎక్కడా లేవంట.”

“అయ్యో” అంది ఆ పిల్ల అంతే. నమ్మేసింది. ఆ నమ్మడమే నూకరత్నానికి గుండెలో ముల్లయింది.

మర్నాడు ఇంటింటికీ కందకం తవ్వుకోవాలన్నారు. పిల్లలు మెట్ల పని ఆపేసి గునపాలు పట్టుకున్నారు. దయావతి నడుం లోతు గోతిలో నిలబడి మట్టి పైకి విసురుతూ పాడుతూనే ఉంది. వింటూ నిలబడలేక నూకరత్నం లోపలికి వెళ్లిపోయింది. ఆ పాట ఆగితే బాగుండునని మొదటిసారి అనుకుంది.

దాచిన మాట బయటపెట్టింది అప్పలకొండమ్మ. ముసలమ్మ పుట్టిల్లు విశాఖ దగ్గరి జాలరిపేట. అక్కడ ఆమెకు మిగిలింది తమ్ముడొక్కడే. గవరమ్మ ఆమెకూ చెప్పినట్టుంది. మధ్యాహ్నం దయావతి మంచినీళ్లకని ఇంట్లోకి వచ్చేసరికి ముసలమ్మ మూల కూర్చుని తల కొట్టుకుంటోంది.

“ఓలమ్మో, ఊరంతా కాలిపోనాదంట! నా తమ్ముడేటయిపోనాడో! నీ అమ్మా బాబూ ఏటయిపోనారో పిల్లా!”

నూకరత్నం వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. దయావతి చేతిలో గ్లాసు అలాగే ఉంది. ముసలమ్మ వంక చూసింది, నూకరత్నం వంక చూసింది. నూకరత్నం కళ్లు దించుకుంది. ఇంకేమీ అడగక్కర లేకపోయింది. గ్లాసు గూట్లో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ పిల్ల బయటికి నడిచింది.

జీవరాజు దగ్గరికే వెళ్లి ఉంటుందనుకుంది నూకరత్నం. ముసలమ్మను పట్టుకుని, నీళ్లు తాగించి, పడుకోబెట్టి వెళ్లేసరికి అక్కడ లేదు. చర్చిలో లేదు. కందకాల దగ్గర లేదు. తోటి పిల్లలెవరూ చూడలేదు. జీవరాజు ఒకవైపు పరుగెత్తాడు, ఆమె ఒకవైపు.

దీవుల్లో డిసెంబరు పొద్దు ఇట్టే వాలిపోతుంది. వాలిందంటే వీధిలో ఒక్క దీపం వెలగదు. ఆ పిల్లకు హిందీ రాదు. దారులు తెలియవు. మిలట్రీ ట్రక్కులు దీపాల్లేకుండా తిరుగుతున్నాయి. పొరపాటున ఏ సముద్రం ఒడ్డుకైనా వెళితే... నూకరత్నం ఆ ఆలోచన అక్కడే తుంచేసింది. కనబడిన ప్రతివాణ్నీ అడిగింది. “భయ్యా, గళ్ల ఓణీ పిల్ల. ఒంటినిండా మట్టి. చూశారా?” ఒక టీకొట్టతను హాడో వైపు చెయ్యి చూపించాడు.

వార్ఫు గేటు దగ్గర, గోడవారగా కూర్చుని ఉంది దయావతి. కాలి బొటనవేలు చిట్లి నెత్తురు కారుతోంది. తుపాకీ పట్టుకున్న సెంట్రీ నూకరత్నాన్ని చూసి ప్రాణం లేచి వచ్చినట్టు అన్నాడు, “ఆప్ కీ బేటీ హై? ఘర్ లే జావ్ దీదీ. అంధేరా హో రహా హై.”

చీకటి పడుతోంది, నీ బిడ్డను ఇంటికి తీసుకుపొమ్మంటున్నాడు; తన బిడ్డ కాదని చెప్పబోయి ఊరుకుంది. వాణ్ని విశాఖపట్నం సంగతి అడిగింది. తెలీదన్నాడు. లాంచీ ఖలాసీ గోవిందు ఎక్కడున్నాడని అడిగింది. చెప్పకూడదన్నాడు. నూకరత్నం వచ్చి ఆ పిల్ల పక్కనే నేల మీద కూలబడింది. పరుగుకి ఊపిరి అందడం లేదు.

“ఎందుకు దాచావు పిన్నీ?”

“ఏటని సెప్పను? నిజమో అబద్దమో నాకే తెలీదు. సెప్తే నువ్వు ఈదుకుంటూ ఎల్లిపోతావా?”

“వెళ్లలేను” అంది దయావతి. “కానీ నేను పొద్దుట పాటలు పాడాను. మా అమ్మ ఉందో లేదో తెలియని రోజున నవ్వుతూ పాటలు పాడాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు.”

నూకరత్నం ఎంతసేపూ పిల్ల ఏడవకూడదనుకుంది. ఏడ్చే హక్కు పిల్లదని తోచలేదు.

“తప్పే” అంది చివరికి. “సెల్సు నేనే తీసేశాను. పప్పు డబ్బాలో ఉన్నాయి. ఇంకోటి కూడా దాచేను. మీ బాబాయికి డూటీ ఎక్కువని ఎవళూ సెప్పలేదు. అసలు ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఉన్నాడో లేడో కూడా తెలీదే తల్లీ” అంది. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దయావతి తలెత్తి చూసింది. ఇన్నాళ్లూ తనకు అన్నం వడ్డిస్తూ, తల దువ్వుతూ, ఈ మనిషి లోపల ఇది మోస్తోందని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. జరిగి కూర్చుని, మట్టి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది. సెంట్రీ వచ్చి గదమాయించేదాకా అలాగే కూర్చుని, చీకట్లో ఒకరినొకరు పట్టుకుని నడుస్తూ బస్తీకి వచ్చారు.

ఆ రాత్రి నుంచి ట్రాన్సిస్టరు ఆగలేదు. హిందీ వార్తలు నూకరత్నం విప్పి చెప్పేది, తెలుగు వార్తల్లో పెద్దపెద్ద మాటలు దయావతి విప్పి చెప్పేది. ఒకరోజు విశాఖ పేరు వినబడింది.

“జలాంతర్గామంటే ఏటే?”

“నీళ్ల లోపల వెళ్లే ఓడ పిన్నీ. పాకిస్తాన్‌ది. విశాఖ దగ్గర మునిగిపోయిందట.”

“అయితే మనూరి మీద బాంబులు పళ్లేదు గదా?”

“పడ్డాయనీ చెప్పలేదు, పడలేదనీ చెప్పలేదు.”

సగం ఊరట సగం భయంతో రోజులు నడిచాయి. గోవిందు ఒక సాయంత్రం గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఇంటికొచ్చాడు. ఎక్కడికి వెళ్లావంటే చెప్పలేదు, అడగొద్దన్నాడు. నూకరత్నం అడగలేదు, వేడినీళ్లు పెట్టింది. లడాయి అయిపోయిందని రేడియో చెప్పిన రోజున బస్తీలో టపాకాయలు కాల్చారు. పిల్లలు మళ్లీ మెట్ల పని మొదలుపెట్టారు. క్రిస్మసు ఇక్కడే జరుపుకున్నారు. విశాఖ నుంచి మాత్రం ఎవరికీ ఏ కబురూ లేదు. దయావతి రాళ్లు మోసేది, పాడేది కాదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు విశాఖ నుంచి మొదటి ఓడ వచ్చింది. కొండ మీది నుంచి దాని కూత విని పిల్లలు గునపాలు వదిలేశారు. ఓడ దగ్గరికి వెళ్లిన లాంచీ మీద గోవిందు ఉన్నాడు. సాయంత్రం అతను కొత్త మెట్లు ఎక్కి వస్తుంటే నూకరత్నం గుమ్మంలోంచి చూసింది. మనిషి మెల్లగా వస్తున్నాడు. మొహంలో ఏమీ తెలియడం లేదు. ఆమె వెనకాల దయావతి, గోడకు ఆనుకుని ముసలమ్మ.

గోవిందు దగ్గరికొచ్చి, పెళ్లానికి కళ్లతో సైగ చేశాడు. “ఓసారి ఇటు రాయే.”

నూకరత్నానికి వెళ్లి వినాలనిపించింది. ముందు తాను విని, తర్వాత ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలనిపించింది. గుమ్మం పట్టుకుని కదలకుండా నిలబడింది.

“ఏటున్నా ఇక్కడే సెప్పు. ఈళ్ల ముందే.”

గోవిందు తటపటాయించాడు. “ఓడ మీద నూకన్నని మన జాలరిపేటోడున్నాడు. అమ్మా దయావతీ, మీ నాన్నగారు ఓడ బయల్దేరేముందు ఆర్బరుకొచ్చి ఆడితో సెప్పేరంట. అందరూ బాగున్నారు. ఆ రాత్రి సముద్రంలో పేలిన సప్పుడికి మీ ఇంటి కిటికీ అద్దాలు పగిలేయంట, అంతే. బాంబులూ లేవు, ఏటీ లేవు. మీ అమ్మగారు నీకోసం గాబరాపడి మంచం పట్టి ఇప్పుడే లేచేరంట. బేగి రమ్మన్నారు.”

దయావతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నూకరత్నం గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అద్దాలు, అద్దాలే కదా, అని తనలో తాను రెండుమూడుసార్లు అనుకుంది. గోవిందు మాత్రం కదలకుండా నిలబడి ఉన్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు, అతను తనను పక్కకు పిలిచింది దేనికో.

“ఒరే గోవిందూ” అంది ముసలమ్మ. “నా తమ్ముడి మాటేటి?”

అతను పెళ్లాం వంక చూశాడు. ఆమె తల ఊపింది.

“మావ లేడమ్మా. కార్తీకమాసంలో జొరమొచ్చి పోనాడంట. లడాయికి ముందే.”

అప్పలకొండమ్మ ఏడవలేదు. లెక్క కుదరనట్టు చూసింది. “మరయితే నానిన్నాళ్లూ ఆడి మీద బాంబు పడకూడదని మొక్కుకున్నానేటిరా” అంది.

దయావతి మొహం మీది చేతులు తీసింది. తన సంతోషానికి సిగ్గుపడినట్టు గబగబా కళ్లు తుడుచుకుని, వెళ్లి ముసలమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

“మీ తమ్ముడి పేరేంటి బామ్మా?”

“అప్పలరాముడు” అంది ముసలమ్మ. మళ్లీ తనే అంది, “సిన్నప్పుడు ఈత రాక మునిగిపోబోతే జుట్టట్టుకుని నానే ఒడ్డుకి లాగినాను.”

“తర్వాత?” అంది దయావతి.

ముసలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గోవిందు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. నూకరత్నం లేచి, పొయ్యి రాజేసి, ఎసరు పెట్టింది.