మూడు పలకల అద్దం

మా తమ్ముడు అబద్ధమాడేటప్పుడు చేతులు తెగ తిప్పుతాడు. చిన్నప్పటినుంచీ అంతే. ఆ రోజు ఫోను ముందు నిలబడి వాడు చేతులు తిప్పుతుంటే, నాలుగడుగుల దూరంలో కూర్చున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మాది కళ్లజోళ్ల దుకాణం. ముందు గదిలో వాడు కౌంటరు చూస్తాడు, వెనక గదిలో నేను అద్దాలు సానపడతాను. నాన్న దగ్గర నేర్చుకున్న పని, ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. వాడూ నేర్చుకుంటానని కూర్చున్నాడు. మూడో రోజు వేలు కోసుకుని లేచిపోయాడు. మళ్లీ ఆ స్టూలు ఎక్కితే ఒట్టు.

మిగిలిపోయిన అద్దం ముక్కలతో ఫోను కెమెరాకి తగిలించుకునే ఫిల్టర్లు చేయడం మొదలుపెట్టింది నేనే. అద్దం మీద సన్నగా, వరసగా గీతలు గీస్తే దీపం వెలుగు బారుగా సాగుతుంది. అడ్డంగా, నిలువుగా గీస్తే నక్షత్రంలా విచ్చుకుంటుంది. పలకలుగా కోస్తే ఒక మనిషి నలుగురిలా కనిపిస్తాడు. వీడియోలు తీసుకునేవాళ్లు ఎగబడి కొన్నారు. అప్పుడు తమ్ముడు పెట్టెలు అచ్చు వేయించాడు. మూత మీద వాడి ఫోటో, కింద వాడి సంతకం, ‘ప్రతి అద్దమూ నా చేత్తో కోసినదే’ అని ఒక ముక్క.

పెట్టె మీద నా పేరు వేయమని అడిగాను. కొనేవాళ్లకి ఒక్క మొహమే గుర్తుంటుందన్నాడు. ఆ ఒక్క మొహం నాదెందుకు కాకూడదంటే నవ్వి, ఇంట్లోవాళ్ల మధ్య నీదీ నాదీ ఏమిటన్నాడు. సంతకం పెట్టేటప్పుడు ఆ మాట గుర్తు రాలేదు కాబోలు. సానపట్టీ పట్టీ నా వేలిముద్రలు అరిగిపోయాయి. ఎన్నిసార్లు వేలు ఆనించినా నా ఫోను తెరుచుకోదు. అది యంత్రం, నన్ను గుర్తుపట్టకపోతే సర్దుకుపోతాను. తోడబుట్టినవాడికేం రోగం?

మూడు పలకల అద్దం కోసం నాలుగు నెలలు తిప్పలు పడ్డాను. దాన్ని తగిలిస్తే, బొమ్మలో పడకుండా కుడిపక్కన ఉన్నదాన్ని లోపలికి లాగి, మూడుసార్లు చూపిస్తుంది. ఏటవాలు వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ చెదిరిపోతుంది. పదకొండు ముక్కలు పాడయ్యాక పన్నెండోది కుదిరింది. కుదిరిన రోజే వాడు దాన్ని చేతిలోకి తీసుకుని, లైవ్ పెట్టి అందరికీ చూపిస్తానని బయలుదేరాడు.

వెనక గదిలోనే తీద్దామన్నాడు. పనిముట్లు కనిపిస్తే జనం నమ్ముతారట. సానరాయి చప్పుడవుతుంది, ఆపేయమన్నాడు. కావాలంటే చేత్తో మెరుగు పెట్టుకోమన్నాడు, మర్నాడు పంపాల్సిన పెట్టెలున్నాయి కదా మరి. ఫోనుని స్టాండుకి బిగించి, కొత్త అద్దాన్నే వెనక కెమెరాకి తగిలించాడు. వెనక కెమెరా గనక వాడికి తెర కనిపించదు. చూసేవాళ్లు అడిగేవి చదివి వినిపించడానికి మా మరదలు తెర వైపు కూర్చుంది.

“అక్కా, నువ్వు బొమ్మలో పడకుండా కుడిపక్కకి జరుగు.”

“ఆ అద్దం కుడిపక్కదాన్ని లోపలికి లాగుతుందిరా.”

“నాకు తెలీదా? నువ్వు జరుగు ముందు.”

జరిగాను. రెండోసారి చెప్పలేదు.

వాడు మొదలుపెట్టాడు. పలక కోసేటప్పుడు ఊపిరి బిగబడతాడట. అద్దం పాడయ్యేముందు వేలికి సన్నని వణుకు తెలుస్తుందట. అవి నా మాటలు. అన్నం తినేటప్పుడు మరదలితో నేను చెప్పుకున్నవి, వాడు పక్కన కూర్చుని విన్నవి. నా ఊపిరి కూడా వాడిదే అయిపోయింది. పొడి అద్దిన గుడ్డ మీద చేతిలోని అద్దాన్ని ఎంత గట్టిగా రుద్దానో నాకే తెలియదు. మరదలు తెర చూసింది, తలెత్తి నన్ను చూసింది, మళ్లీ తెర చూసింది.

కాసేపటికి ఎవరో ఒక పలక కోసి చూపించమని అడిగారని చదివింది. తమ్ముడు తడుముకోలేదు. సానరాయి రిపేరులో ఉందన్నాడు, లేకపోతే ఇప్పుడే కోసి చూపించేవాణ్ణన్నాడు.

మరదలు గొంతు సవరించుకుని తర్వాతది చదివింది. “పక్కన ముగ్గురు ఆడవాళ్లు అద్దాలు రుద్దుతున్నారుగా, వాళ్లనైనా చేసి చూపించమనండి అంటున్నారు.”

ముగ్గురా అని వాడు గదంతా కలయజూశాడు. గోడకి బీరువా, బల్ల కింద బకెట్టు, స్టూలు మీద నేను. వాడి మొహం మాడిపోయింది.

“అక్కా, ఏం చేస్తున్నావక్కడ?” అన్నాడు, ఫోనుకి వినపడకూడదని గొంతు తగ్గించి.

“నువ్వు చేస్తున్నానని చెప్పేదే,” అన్నాను, ఫోనుకి బాగా వినపడేలా. “ముగ్గురం కాదండీ. ఇరవై రెండేళ్లుగా ఒక్కదాన్నే.”

ఆపెయ్యమని తమ్ముడు పెళ్లానికి సైగ చేశాడు. ఆమె లేచింది. ఆపలేదు. కెమెరా మీది అద్దం తీసి జాగ్రత్తగా గుడ్డలో పెట్టింది. స్టాండు నా వైపు తిప్పింది.

“వదినా, ఇప్పుడు ఒక్కరే కనిపిస్తున్నారు,” అంది.

తమ్ముడు మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. అడ్డు తప్పుకోమన్నాను. తప్పుకున్నాడు. నా కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. రిపేరులో ఉందన్న సానరాయి స్విచ్చి వేసి, కొత్త అద్దం ముక్క తీసుకుని, ఊపిరి బిగబట్టాను.