జనం పిలిచిన పేరు

మేనకోడలు పూజిత చెవుల్లో ఇయర్‌ఫోన్ వైర్లు పెడుతుంటే సుక్కమ్మ నవ్వుతూనే పెట్టించుకుంది. ఆమె చేతుల నిండా ఎల్లిపాయ పొట్టు. సాగర్ రోడ్డు పొడుగునా ఇంజినీరింగ్ కాలేజీలు లేస్తున్న రోజులవి. ఇబ్రహీంపట్నంలో ఆడపిల్లల హాస్టలొకదాంట్లో సుక్కమ్మ వంటచేస్తుంది. పూజిత భుజాన గిటారు వేసుకుని ఆ కాలేజీల్లోనే పాడుతూ పేరు తెచ్చుకుంటోంది. పోయిన నెల ఒక కాలేజీ మైదానంలో ఆమె చేసిన కచేరీని సిటీ కంపెనీవాళ్లు అక్కడికక్కడే రికార్డు చేసుకున్నారు. జనం కేకలు, చప్పట్లతో సహా అదే ఆల్బంగా రాబోతోంది.

"అన్నిట్లకెల్లి గీ పాటకే జనం లేచి నిలబడ్డరత్తా. ముందుగాల నీకే వినిపియ్యాలని వచ్చిన."

"నీ గిటారు నాకేం సమజైతది? వచ్చినదానివి నాలుగు ఎల్లిపాయలన్న ఒలువు."

"జర విను. గిది నీ పాటనే."

గిటారు ఒక్కటే మెల్లగా మోగింది. తర్వాత పూజిత గొంతు.

తలుపు తీసే ఉంచిన, బుగ్గయ్యా...
తల్లెల బువ్వ పెట్టే ఉంచిన, బుగ్గయ్యా...

సుక్కమ్మ నవ్వు ఆగిపోయింది.

బుగ్గయ్య ఆమె పెనిమిటి. కంకర లారీ నడిపేవాడు. కాపురం చేసినన్నాళ్లూ ఆమె ఆయన పేరు నోటితో పలికింది లేదు. వాళ్ల ఇళ్లలో పెళ్లాం మొగుడి పేరు పలకదు. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగినా పక్కింటావిడ చేత చెప్పించింది. మన్నెగూడ దగ్గర లారీ బోల్తాపడి, ఆయన్ని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టిన రోజున మాత్రం శోకం తీస్తుంటే ఆ పేరు దానంతట అదే వచ్చింది. మాటమాటకూ వచ్చింది. అన్నేళ్లు పిలవనిదంతా ఆ ఒక్క పూటలో పిలిచేసింది. ఆమె కొంగు పట్టుకుని పక్కనే కూర్చున్న పూజిత అప్పుడు చిన్నపిల్ల. విన్నది విన్నట్టు పట్టేసే పిల్ల. ఆనాటి శోకంలోని మాటలే ఇప్పుడు పాటయ్యాయి.

చెవుల్లో డ్రమ్ములు మొదలయ్యాయి. పేరు దగ్గరికి వచ్చేసరికి ఈసారి పూజిత పాడకుండా ఆగింది. మైదానమంతా ఒక్కటై "బుగ్గయ్యా!" అని అరిచింది. ఈలల మీద ఈలలు.

సుక్కమ్మ వైర్లు లాగేసింది.

"సచ్చినోని మీద పడి ఏడుస్తుంటె సీటీలు కొడ్తరా?"

"మెచ్చుకుంటున్నరత్తా. కంపెనీ అన్నలైతే ఆల్బంకు గూడ గదే పేరు పెడ్తమంటున్నరు."

"ఆ పేరు తీసెయ్యి బిడ్డా. రాజా అను, దొరా అను. నీ ఇష్టం."

"మళ్ల పాడి అతికిస్తె అది కచేరీ ఎట్లయితది? పేరు నా మైకు ఒక్కదాంట్లనే లేదు. డ్రమ్ముల మైకులల్ల, జనం మైకులల్ల అన్నిట్ల పడ్డది. తీస్తె పాటంత తియ్యాలె."

"తియ్యి మరి."

పూజిత ఒక ఎల్లిపాయ తీసుకుని ఒలవబోయి కింద పెట్టేసింది. "గా పాట లేకుంటె కంపెనీ అన్నలు ఆల్బమే వద్దంటరు," అంది చివరికి. "అయినా, ఎవ్వలకు తెల్వకుండ పోయిన మామను అంతమంది నోరార పిలిచిన్రు. గది మంచిగ లేదా?"

"అంతమంది పిలిస్తె, దాంట్ల నా పిలుపేదో ఆయనకెట్ల తెలుస్తది?"

పూజిత కళ్లు తుడుచుకుంటూ వైర్లు చుట్టింది. "నువ్వొద్దంటె తీపిస్త. నీ మీద ఒట్టు."

ఆ ఒట్టుతోనే సుక్కమ్మ ఓడిపోయింది. ఆడపిల్లకు గిటారేందని పూజిత తండ్రి, తన తమ్ముడు రత్నాకర్ దాన్ని నేలకేసి కొట్టబోతే అడ్డం పడింది తనే. పాడనియ్యిరా అని బతిమాలిందీ తనే. ఇప్పుడు తన నోటితోనే పిల్ల నోరు ముయ్యాలా?

"ఉండనియ్యి," అంది. "పో, బస్సు దొరకదు మళ్ల."

వినాయక చవితికి ఆల్బం బయటికొచ్చింది. మండపాల్లో అదే, ఆటోల్లో అదే. ఫోన్ చేస్తే గంటకు బదులు అదే. సుక్కమ్మ రోడ్డెక్కడం తగ్గించింది. కానీ హాస్టల్ మానలేదు కదా. మధ్యాహ్నం వరసలో నిలబడ్డ పిల్లలు పళ్లేల మీద గరిటెలతో దరువేస్తూ పాడారు. తల్లెల బువ్వ పెట్టే ఉంచిన, బుగ్గయ్యా!

"సుక్కమ్మక్కా, బుగ్గయ్యకైతే పెట్టినవ్, మాకు పెట్టవా?" అంది మంజుల అనే పిల్ల. వరసంతా పడీపడీ నవ్వింది.

వాళ్లకేం తెలుసు? ఆకలిగొన్న పిల్లలు. సుక్కమ్మ అన్నం వడ్డించింది. పాత్ర అడుగంటేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

పెత్తరమాస వచ్చింది. పోయినవాళ్లకు వండిపెట్టి, పేరుపెట్టి పిలిచే రోజు. ఏటా సుక్కమ్మ తలుపు దగ్గరగా వేసి, ఎవరూ వినకుండా ఆ ఒక్కసారి ఆయన పేరు పలుకుతుంది. ఈసారీ పప్పు, అన్నం, ఆయనకిష్టమైన గోంగూర వడ్డించింది. దీపం ముందు కూర్చుని నోరు తెరిచింది.

"బు..."

ఆ వెనకే పళ్లేల దరువు వచ్చింది. మైదానం వచ్చింది, ఈలలు వచ్చాయి. పేరు పైకి రాకముందే ఎవరో అరిచేస్తున్నారు. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే దరువు. తన గొంతు ఎలా పలికేదో తనకే గుర్తు రాలేదు.

కూర చల్లారిపోతోంది. సుక్కమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఆయన బతికున్నప్పుడు పొయ్యి దగ్గరినుంచి ఎలా పిలిచేదో అలాగే, పేరు లేకుండా, మెల్లగా అంది.

"ఇగో... నిన్నే. బువ్వ పెట్టిన. వస్తున్నవా?"